దోహా మాల్‌లో చూసిన ఇటలీ మొండిగోడ

మా చిన్నోడు సామ్యేలు దోహాలో తాపీమేస్త్రీగా చేసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా కోనసీమలో మా చర్చికి గంటగోపురం ఒక్కో అంతస్తు లేపేవాడు. పోయినేడు జ్వరంతో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. గోపురం మొండిగా మిగిలింది. పైన ఇనప ఊచలు, వాటిమీద కాకులు. నువ్వు ఊఁ అంటే ఊచలు కోయించి చదును చేసేస్తామని సంఘపెద్ద రోజూ అడుగుతుంటే, జవాబు చెప్పలేక మా అమ్మాయి రూతు దగ్గరికి దోహా వచ్చేశాను. ఆయన వాట్సాప్‌లో ఇక్కడికీ వచ్చాడు.

ఇక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు ఆరాధన అయ్యాక రూతు నాకు ఇటలీ చూపిస్తానంది. అల్ దోహా అల్ జదీదాలో మెట్రో ఎక్కి, ముషైరిబ్‌లో గోల్డ్ లైనుకి మారి, అజీజియాలో దిగాం. మనిషికి రెండు రియాళ్ళు. అక్కడ మాల్ లోపలే కాలువ, పడవలు, పైన రంగేసిన ఆకాశం. ఒక పక్క హాల్లో ఇటలీ పాత చర్చిలు ఎలా కట్టారో గోడంతేసి ఫోటోలు పెట్టారు. శిలువ కనబడగానే నేను కొంగు తలమీద కప్పుకుని, చెప్పులు గుమ్మం దగ్గర విప్పాను. నన్ను చూసి వెనకాల వస్తున్న ఫిలిప్పీనా అమ్మాయిలు కూడా విప్పేశారు. సెక్యూరిటీ అతను నిజామాబాద్ మనిషి, ఉరుక్కుంటూ వచ్చాడు.

"అమ్మా, చెప్పులేస్కో. ఇది మాలు. మా సూపర్‌వైజర్ చూస్తే నా డ్యూటీ పోతది."

సియెనా అనే ఊరి చర్చి ఫోటో దగ్గర బోర్డు చదివి రూతు చెప్పింది. ఉన్న చర్చిని ఇంకా పెద్దది చేద్దామని మొదలుపెట్టారట. మధ్యలో ప్లేగు వచ్చి ఊళ్ళో చాలామంది పోయారు, పని ఆగిపోయింది. వందల ఏళ్ళయినా ఆ మొండిగోడ కూల్చలేదు. ఇప్పుడు జనం టికెట్టు కొనుక్కుని మరీ దాన్ని ఎక్కుతారట.

"మొండిగోడకి టికెట్టా?" అన్నాను.

"మా ఊళ్లె గిసొంటి గోడ ఉంటే ఈపాటికి పిడకలు కొట్టేటోళ్లు," అన్నాడు సెక్యూరిటీ అతను.

సామ్యేలు పోయాక నేను అంతలా నవ్వింది అప్పుడే. నవ్వి, అక్కడే నిలబడి సంఘపెద్దకి ఫోన్ చేశాను.

"తమ్ముడూ, ఊచలు కోయొద్దు. తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించు. సామ్యేలు సెలవైపోయి దోహా వచ్చేముందు పూసేవాడు కదా, అలాగ."

"మరి మిగతాది ఎవరు కడతారక్కా?"

"తొందరేముంది? ఇటలీలోనే ఇంకా కట్టలేదు."

ఇన్నాళ్ళూ ఆ గోపురం చూస్తే వాడు లేడనే గుర్తొచ్చేది. అంతవరకూ కట్టింది వాడేనని ఇప్పుడు గుర్తొస్తోంది. కాకులు కూర్చుంటే కూర్చోనీ, మేం టికెట్టు అడగం. మీరు ఆ మాల్‌కి వెళ్తే శాలువా పట్టుకెళ్ళండి, ఏసీ చలి ఎక్కువ. చెప్పులు మాత్రం విప్పకండి. నేను కంగారులో ఆ ఫిలిప్పీనా అమ్మాయిల్లో ఎవరివో వేసుకొచ్చేశాను.