పవర్ సప్లైకి తలంటు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అప్పుడే చేతికొచ్చింది. ఇంట్లో ఫ్యాను నెమ్మదిగా తిరిగితే దానికి మూడు కారణాలు చెప్పి గానీ అన్నం ముట్టేదాన్ని కాదు. (ఫ్యాను మాత్రం అలాగే తిరిగేది.) మా నాయనకు వడమాలపేటలో సరుకుల అంగడి. తిరుపతిలో టీవీలు, యాంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయన నన్ను పనిలో పెట్టుకుంటానన్నాడు. నేను పోతానన్నాను, నాయన వద్దన్నాడు. "దినామూ బస్సెక్కి పొయ్యి స్క్రూలు ఊడదీసే పనేంది పాపా? ఈడ అంగట్లో గమ్మున కూసో" అన్నాడు. నేను వారం రోజులు అన్నం మానేశాను (రాత్రిపూట మాత్రమే; పొద్దున దోసెలు మానేంత పట్టుదల నాకెప్పుడూ లేదు). చివరికి నాయన ఒక మెట్టు దిగాడు. "సరే, ఆయుధపూజ నాడు మన అంగట్లో అమ్మవారి పటానికి నువ్వు జేసిన దాంతో లైట్లు ఎలిగించు. పూజ మొదులైన కాడ్నుంచి హారతి దాకా ఆరకూడదు. ఆర్లేదంటే తిరుపతికి పో. ఆరినాయంటే ఇంగ ఆ మాటెత్తొద్దు."

నాకింకేం కావాలి? మా మామ పనిచేసే తిరుపతి లాడ్జిలో కౌంటర్ మీద దేవుడి పటం పక్కన ఏళ్ల తరబడి ఉండిన పాత కంప్యూటర్ మూలన పడేసి ఉంటే, అడిగి తెచ్చుకున్నాను. దాని కడుపులో ఉండే ఇనుప డబ్బా, అదే పవర్ సప్లై, నాక్కావలసింది. దానికి జడలాగా బోలెడు రంగు తీగలు. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపితే డబ్బా మేలుకుంటుంది. పసుపు తీగ పన్నెండు వోల్టులు ఇస్తుంది. అక్కర్లేని తీగలు కత్తిరించి, స్విచ్చి బిగించి, పసుపు తీగకు లైట్ల పట్టీ తగిలించాను. భలే వెలిగాయి! ఇల్లంతా గంతులేశాను. పావుగంటకు ఆరిపోయాయి. చల్లారాక మళ్లీ వేస్తే మళ్లీ వెలిగాయి, మళ్లీ పావుగంటకే ఆరాయి. లోడు, అంటే డబ్బా మోసే బరువు, చాలలేదేమోనని నాయన పాత స్కూటర్ బల్బు తగిలించాను. అతుకులన్నీ ఊడదీసి మళ్లీ వేశాను. నాలుగు పేజీల బొమ్మలు గీశాను. డబ్బా వెనకాల ఉన్న చిన్న ఫ్యాను తిరుగుతోందా లేదా అని ఒక్కసారి కూడా చూడలేదు. ఆ వైపు అందంగా లేదని గోడకు ఆనించి పెట్టేదాన్ని మరి.

పూజ రోజు పొద్దున్నే కొత్త స్విచ్చి కోసమని పుత్తూరు పోయి వచ్చేసరికి, వాకిట్లో తక్కెడ, తూకం గుండ్లు, కత్తిపీట, నాయన స్కూటరు అన్నీ కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. ఆ వరసలో చివర, నీళ్లు కారుతూ, ఒళ్లంతా పసుపు కుంకుమలతో నా పవర్ సప్లై!

"అమ్మా! కరెంటు సామానును ఎవరైనా కడుగుతారా?" అని అరిచాను.

"పూజలో పెట్టే సామానును కడక్కుండా ఎవురైనా పెడతారా?" అంది అమ్మ. "పీకి పడేసి ఉణ్ణింది, తెచ్చినా. అబ్బబ్బ, ఎంత జిడ్డు! అగరబత్తీల మసంతా దాంట్లోనే ఉండాది. రెండుతూర్లు సీకాయ పొడేసి రుద్దినా. ఆ సక్రంలో పుల్ల పెట్టి తీస్తే ఇంత నల్ల ఉండ వచ్చె."

నాయన నడుం పట్టుకుని నవ్వాడు. "అయిపాయ. రేపట్నుంచి తూకం నేర్చుకో పాపా!"

ఏడుస్తూనే డబ్బా మూత విప్పి మిద్దె మీద ఎండలో పెట్టాను. అరగంటకోసారి వడియాల్లాగా అటూ ఇటూ తిప్పుతూ, సాయంత్రం దాకా దాని పక్కనే కూర్చున్నాను. తిరుపతి బస్సులు హారన్ కొట్టుకుంటూ పోతుంటే ప్రతిదానికీ ఒక విడత ఏడ్చాను.

సాయంత్రం పూజకు పక్కంగడి ఆయన కూడా వచ్చాడు. దేవుడి ముందు చెప్పులు వేసుకోకూడదు, షాకు కొడుతుందేమోనని విప్పనూ లేడు. గడపకు అవతలే నిలబడిపోయాడు. కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్చి వేశాను. లైట్లు వెలిగాయి. డబ్బాలోంచి ఎన్నడూ వినని గిర్రుమనే చప్పుడొకటి వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే ఫ్యాను జోరుగా తిరుగుతోంది! అప్పుడు గానీ నా బుర్రకు తట్టలేదు: ఆ జిడ్డుకు ఫ్యాను పట్టేసి, వేడెక్కి, డబ్బా తనంతట తనే ఆగిపోతూ ఉండేదన్నమాట. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. నాయన కావాలనే అష్టోత్తరం రెండోసారి మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ లైట్ల వైపు ఓరగా చూశాడు. అవి ఆరలేదు. హారతి అద్దుకుంటూ, "ఎలగతానే ఉండాయి కదప్పా!" అన్నాడు పక్కంగడి ఆయనతో.

గెలిచాను! అమ్మవారి ముందే ఎగిరి గంతేశాను. "ఏం జేసినావు పాపా?" అని పక్కంగడి ఆయన అడిగితే, "లోపల వేడి నిలవకుండా ఒక ఏర్పాటు చేశాను" అన్నాను గొప్పగా. పక్కనే గుగ్గిళ్లు పంచుతున్న అమ్మ ఏమీ అనలేదు. హమ్మయ్య, ఆమెకు అర్థం కాలేదులే అనుకున్నాను. మర్నాడు తిరుపతి బస్సులో నాయన ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని, "మా పాప జేసింది" అని కండక్టరుతో సహా అందరికీ చూపించాడు.

పన్నెండేళ్లయింది. ఇప్పుడు నా దగ్గరికి ఏ డబ్బా వచ్చినా ముందు ఫ్యాను చూస్తాను, బ్రష్షుతో దుమ్ము దులుపుతాను. మొన్న అమ్మ దగ్గర కూర్చుని అసలు సంగతి ఒప్పుకున్నాను. ఆ రోజు గెలిపించింది నువ్వేనమ్మా, ఆ మాట ఎవరికీ చెప్పలేదు, తప్పయిపోయింది అన్నాను.

అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ తలెత్తలేదు. "ఆ పొద్దే తెల్సు నాకు. ఆ సక్రం తిరిగేది సూడలేదా నేను? నా కడుగుడుకే ఎలిగినాయంటే మీ నాయన పందెం సెల్లదనేసి నిన్ను అంగట్లోనే కూసోబెట్టుంటాడు. అందుకే గమ్మునుంటి" అంది.

నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను.