తొక్కకముందే విసిరిన నాడె

ఒకే పూటలో, ఒకే చేత్తో, పెళ్ళికి పోవాల్సిన పట్టుచీరనూ మా నాయన పరువునూ కలిపి చిక్కుముడి వేసిన ఘనుడు ధర్మవరంలో ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం స్టేషనుకు పరుగెత్తి, ఏ రైలు కనబడితే ఆ రైలెక్కి పోదామనిపించింది.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా నాయన దగ్గర మగ్గం నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నాను అనడం నా మాట. పోగులు తెంపుతున్నాడు అనడం ఆయన మాట. కూర్చున్నచోట కూర్చోలేని మనిషిని. కాలు కాలిన పిల్లి కూడా నన్ను చూస్తే జాలిపడేది. ఎవరేమన్నా "ఆలస్యం అమృతం విషం" అనేవాణ్ణి. ఆ మాట పుట్టించినవాడు జన్మలో మగ్గం నేసి ఉండడని నాకు తర్వాత తెలిసింది.

మా అక్క కూతురు చౌడికి ఏడేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. నిలబెడితే కత్తెరలాగా ఒకదాని మీదొకటి పడేవి. మాట ఆలస్యంగా వచ్చేది గానీ, వచ్చిందంటే సూటిగా తగిలేది. తల్లీపిల్లా మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. బావ పెనుకొండలో ఉండేవాడు. మంచివాడే పాపం. మడకశిర పక్కన ఒకాయన కాళ్ళకు వాతలు పెడితే ఇలాంటి పిల్లలు లేచి నడుస్తారని ఎవరో చెబితే నమ్మాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి చౌడి ఎండాకాలంలో కూడా కాళ్ళు దుప్పటి కింద దాచుకునేది.

అక్కా నేనూ పిల్లను ఎత్తుకుని హిందూపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె చౌడిని బల్లమీద పడుకోబెట్టి, మోకాళ్ళు మెల్లగా వంచి చూసింది.

"జబ్బు కాళ్ళలో లేదు. కాలికి కదులు అని చెప్పే మాట తలకాయ నుంచి నిదానంగా వస్తుంది, అంతే. మీరు 'ఒకటి' అనండి. ఆ కాలు కదిలేదాకా కాచుకోండి. తర్వాతే 'రెండు'. రోజూ చేయించాలి. లాగొద్దు, తొందరపెట్టొద్దు. తొందరపెడితే ఇంకా బిగుస్తాయి."

"ఎన్నాళ్ళు కాచుకోవాలమ్మా?" అన్నాను.

"కాలు కదిలేదాకా."

"అది కాదమ్మా, ఎన్నాళ్ళకు నడుస్తుంది?"

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఈయనకు రైలుకేమన్నా టైమయిందా?" అని అక్కను అడిగింది.

ఆ వారమే బావ వచ్చాడు, పిల్లను మడకశిరకు తీసుకుపోతానని. నేను అడ్డం నిలబడ్డాను.

"మండలం దినాలు ఇయ్యి బావా. నలభై దినాల్లో చౌడి కాళ్ళు ఆడిస్తాది. నాది పూచీ."

"ఆడించకుంటే?"

"ఆడించకుంటే ఆ వాతలు నాకే పెట్టించు."

చూశారా, నోరు కూడా కాలిలాగే ఆగేది కాదు.

పడుకోబెట్టి చేయిస్తే చౌడికి విసుగు. అప్పుడు నా బుర్రకొక ఆలోచన తట్టింది. మా మగ్గాలు గుంట మగ్గాలు. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, కింద రెండు కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాడు. కర్ర తొక్కితే పడుగు పోగులు రెండుగా విడిపోయి సందు పడుతుంది. ఆ సందులోంచి పేకదారం ఉన్న నాడెను విసరాలి. ఒకటి, రెండు. డాక్టరమ్మ చెప్పింది ఇదే కదా. ఆమె నేతగాళ్ళ ఇంట పుట్టలేదు కాబట్టి బల్లమీద చేయించింది.

ఇంట్లో ఒక పాత మగ్గం ఉత్తగా పడి ఉండేది. దానిమీద చౌడిని కూర్చోబెట్టి, నాడె జోలికి పోకుండా ఉత్త కర్రలే తొక్కించాను. నేను 'ఒకటి' అన్నాక ఎడమకాలు దిగేలోపల రెండుసార్లు వీధిలోకి పోయి వచ్చేవాణ్ణి. మొదట అక్క చేత్తో పట్టి దించేది. ఇరవై రోజులకు వేలితో తాకితే చాలు. ముప్పై దాటాక తాకకుండానే దిగింది. ఆ రోజు అక్క వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. నేనేమో వీధంతా తిరిగి చెప్పొచ్చాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

నలభయ్యో రోజు బావను తీసుకురావడానికి నాయన స్టేషనుకు పోయాడు. ఆయన మగ్గం మీద హిందూపురం పెళ్ళివారి చీర, ముక్కాలు వంతు అయింది. ఆ మగ్గం ఆయన తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. నాకేమో పాత మగ్గం మీద ఉత్త కర్రలు తొక్కితే బావ నమ్మడనిపించింది. పట్టు నేస్తూ కనబడితే నోరెత్తడనుకున్నాను.

"తాత తిడ్తాడు మామా," అంది చౌడి.

"తాత వచ్చేసరికి జానెడు నేసి చూపిస్తాం. నువ్వు తొక్కు, నేను నాడె వేస్తా."

ఆమెను కూర్చోబెట్టి నేను పక్కన సర్దుకున్నానో లేదో, నాయనా బావా గడపలోకి వచ్చారు. నాయన ముఖం చూడకుండా గట్టిగా "ఒకటి" అన్నాను. బావ చూస్తున్నాడు. చౌడి కాలు దిగలేదు. బావ ఇంకా చూస్తున్నాడు. ఇంక ఓపలేక నాడె విసిరాను.

సందు తెరుచుకోని పడుగులోకి నాడె దూరితే ఏమవుతుందో నేతగాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు చెబుతాను. తలుపు తెరవకముందే పరుగెత్తుకొచ్చినవాడి ముక్కు ఏమవుతుందో అదే అవుతుంది, కాకపోతే ఇక్కడ పగిలేది తలుపు. పటపటమని పోగులు తెగాయి.

"మామా, నేనింగా తొక్కలే," అంది చౌడి.

బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను "రెండు" అని, తప్పు కప్పుకోవడానికి అటునుంచి ఇటు మళ్ళీ విసిరాను. ఇంకో గుప్పెడు పోగులు తెంపుకుని నాడె ఎగిరి బావ కాళ్ళ దగ్గర పడింది.

నాయన మగ్గం దగ్గరికి వచ్చాడు. చీరను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చీరను చూశాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. చీరకోసం కాదు. ఇంక పిల్లకు వాతలు తప్పవు, అదీ నా మూలానే అనుకున్నాను.

అప్పుడు గుంటలో కిర్రుమంది. చౌడి ఎడమకాలు నిదానంగా కర్రను దించింది. నేనన్న 'ఒకటి' అప్పటికి చేరింది దానికి. కాసేపు ఆగి కుడికాలు దిగింది. ఎవరూ ముట్టుకోలేదు. తెగినవి తెగి వేలాడుతుంటే, మిగిలిన పోగులు రెండుగా విడిపోయి చక్కగా సందు పడింది.

బావ గుంట పక్కన గొంతుకూర్చున్నాడు. "ఇంగోసారి తొక్కు సామీ."

"ఒక..." అని నేను మొదలుపెట్టాను.

"నువ్వు నోరు ముయ్," అన్నాడు నాయన.

చౌడి తనకు తానే లెక్క పెట్టుకుని తొక్కింది. బావ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని తీసి, "వాతలు వద్దులే మామా," అన్నాడు మా నాయనతో. "పిల్ల ఈడనే ఉండనీ."

చౌడి దుప్పటి కోసం చూడలేదు. కాళ్ళు అలాగే బయట పెట్టుకుంది.

"వాతలన్నారు కదా," అన్నాడు నాయన నావైపు తిరిగి, "అవి ఈనికి పెట్టాల. డాక్టరమ్మ చెప్పింది పిల్లకు కాదురా నంజప్పా, నీకి."

వాతల బదులు శిక్ష పడింది. తెగిన పోగులు ఒక్కొక్కటీ నేనే అతకాలి. చౌడి పక్కన కూర్చుని "ఒకటి" అంటేనే ఒక పోగు పట్టుకోవాలి. మూడు రోజులు పట్టింది. ఆ పిల్ల 'రెండు' అనేలోపల ఒక మనిషి ముసలివాడైపోవచ్చు.

చౌడి పరుగెత్తలేదు. ఆ కథలు నేను చెప్పను. రెండు కర్రల ఊతంతో ఇంట్లోనూ వీధిలోనూ నడిచింది. పెద్దయ్యాక నాయన మగ్గమే నేసింది. ఆమె చీరలో తెగిన పోగు నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడు బిగుసుకుపోయినవి నా మోకాళ్ళు. రోజూ పొద్దున చౌడి నా ఎదుట కూర్చుని లెక్కపెడుతుంది. ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఎదుటివాళ్ళ కాలు దిగడం కళ్ళారా చూడనిదే ఈ జన్మలో మళ్ళీ నాడె విసరనని మా ఇంటి దేవత చౌడమ్మతల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇదే మాట ఈ పొద్దున చౌడికి కూడా చెప్పాను.

"సరేలే మామా," అంది. "ఆ కాలు దించు. నేనింగా రెండు అనలే."