బెక్స్‌లీ పెట్టెలో రెండు ఓట్లు

బెక్స్‌లీలో కూడా ఓటు రహస్యమే. చట్టం అలాగే చెబుతుంది. కానీ నలభైమంది ఓటర్లూ, ఒక పెట్టే, పొద్దుటి కాఫీకి ఒకే ఒక్క బల్లా ఉన్న ఊళ్లో రహస్యం మాత్రం ఎక్కడని దాక్కుంటుంది? సస్కాచెవాన్‌లో రాష్ట్ర ఎన్నికలు వస్తే ఏ పెట్టెలో ఓట్లు ఆ పెట్టె దగ్గరే లెక్కపెడతారు. ఆ లెక్క వారపత్రికలో ఊరి పేరుతో సహా అచ్చవుతుంది.

తొమ్మిది ఎన్నికలుగా బెక్స్‌లీ లెక్క మారలేదు. నీలం పార్టీకి ముప్పై చిల్లర. నారింజ పార్టీకి రెండు. చెల్లనిది ఒకటి.

ఆ రెండు ఎవరివో ఊళ్లో కుక్కలకు కూడా తెలుసు. ఒకటి, ధాన్యపు గోదాము మేనేజరుగా వచ్చి ఇక్కడే పాతుకుపోయిన ఆర్విడ్ థోర్స్‌రుడ్‌ది. రెండోది ఆయన భార్య ఇర్మాది. ఆ చెల్లని ఓటు ఎవరిదో మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. గీతా గుర్తూ ఏమీ లేని ఖాళీ కాగితం. అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ చేసినట్టు మడతపెట్టి ఉండేది.

నారింజ పార్టీ ఏజెంటుగా తొమ్మిదిసార్లూ లెక్కింపు బల్ల దగ్గర కూర్చున్నది ఆర్విడే. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ వంటింట్లోకి కేకేసేవాడు. “ఈసారీ పడిందే ఇర్మా, ఆ ఖాళీ కాగితం! పెన్సిలు చేతికిస్తే ఒక్క గీత గీయలేని వెధవ ఎవడే ఈ ఊళ్లో?”

“ఎవరో పాపం,” అనేది ఇర్మా బంగాళాదుంపలు చిదుపుతూ.

ఆవిడ పుట్టింటివాళ్లు మూడు తరాలుగా నీలం. క్రిస్మస్ భోజనానికి ముగ్గురు అన్నదమ్ములూ వచ్చేవారు. ప్లేట్లు నిండకముందే బావా బావమరుదులు గోధుమ ధర మీద కొట్టుకునేవారు. ఇర్మా అటొక గరిటె ఇటొక గరిటె వడ్డిస్తూ తిరిగేది. “అక్కా, నువ్వు ఎవరి వైపు?” అని చిన్న తమ్ముడు నిలదీస్తే, “నేను గ్రేవీ పార్టీ, తిను” అనేది. అందరూ నవ్వేవారు. ఆర్విడ్ ఇంకొంచెం ఎక్కువ నవ్వేవాడు. ఎన్నికల రోజున ఆవిడ తన చెయ్యి పట్టుకుని ఓట్లు వేసే కర్లింగ్ ఆటల హాలు మెట్లెక్కుతుంది కదా, ఇంకేం కావాలి ఆయనకు?

ఇర్మా ఫిబ్రవరిలో పోయింది. ఎన్నికలు అక్టోబరులో వచ్చాయి.

ఆ ముందు వారమంతా కోఆప్ స్టోరు వెనక కాఫీ బల్ల దగ్గర పెద్దమనుషులంతా ఎన్నికల గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు. ఆర్విడ్ మీద జాలి. ఆ జాలిని ముందుగా వదిలించుకున్నవాడు డెల్మర్. నీలం పార్టీ ఏజెంటు, ఆర్విడ్ పక్కింటివాడు. నలభై ఏళ్ల కిందట వెబర్ల పొలానికి ఇల్లరికపు అల్లుడిగా వచ్చి, మామగారు కూర్చోమన్న ఏజెంటు కుర్చీలో ఇప్పటికీ కూర్చుంటున్న మనిషి.

కాఫీ డబ్బులు ఎవరివ్వాలో తేల్చే పాచికలు గిలకొడుతూ, “ఏరా ఆర్విడ్, ఈసారి మీ పార్టీ సగానికి సగం పడిపోయేట్టుంది!” అన్నాడు.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. డెల్మర్‌కు తన మాట తన చెవికే అప్పుడు వినబడ్డట్టుంది, మెడ ఎర్రబడింది.

“ఏం పడదు. రెండుకి ఒక్కటి తగ్గదు, చూస్తూండు,” అన్నాడు ఆర్విడ్.

అనేశాడు గానీ, ఇంటికి నడుస్తుంటే ఆ రెండోది ఎక్కడినుంచి తేవాలో తోచలేదు. ఓడిపోవడం ఆయనకు కొత్త కాదు, తొమ్మిదిసార్లు ఓడాడు. భయమల్లా ఒక్కదానికే. హాల్లో, అందరి ముందు, ఓట్లు లెక్కపెట్టే మార్లిస్ గొంతెత్తి “నారింజ, ఒకటి” అని చదువుతుంది. తరువాత పేపర్లో వేస్తారు. ఇంట్లో ఒక కప్పు, ఒక ప్లేటు, మంచానికి ఒక వైపు, ఇవన్నీ ఎవరికీ కనబడకుండా భరిస్తున్నాడు. ఆ ‘ఒకటి’ మాత్రం జిల్లా అంతా చదువుతుంది.

మర్నాడు పట్నంలోని పార్టీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఎవరో ఆవిడ, చాలా మర్యాదగా, “ఇర్మా గారు ఉన్నారాండీ?” అంది.

“ఇప్పుడు... లేదండీ.”

“పరవాలేదండీ. ఈసారి కూడా వారి ఓటు మనకేనని రాసుకోవచ్చా?”

చనిపోయిందని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ ముక్క ఫిబ్రవరి నుంచి బ్యాంకుకూ, పింఛను వాళ్లకూ, మ్యాగజైన్ల వాళ్లకూ చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉన్నాడు. ఇక ఒక్కరికైనా చెప్పకుండా ఉండాలనిపించింది.

“రాసుకోండమ్మా. ఆవిడ ఎప్పుడూ మనవైపే,” అన్నాడు.

ఫోను పెట్టేశాక సిగ్గేసింది. ఆ సిగ్గులోనే ఒక పౌరుషం పుట్టుకొచ్చింది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేద్దామనుకున్నాడు. ఇంటికి వెళ్లి ఓటు అడగడం.

లోర్నా పీటర్స్ ఇల్లు ఎంచుకున్నాడు. ఆవిడకు మొగుడు పోయి ఆరేళ్లయింది, ప్రభుత్వాన్ని తిట్టడంలో అందెవేసిన చెయ్యి. కరపత్రం కోటు జేబులో పెట్టుకుని, గడ్డం గీసుకుని, తల దువ్వుకుని వెళ్లాడు. లోర్నా టీ ఇచ్చింది. సస్కటూన్ పళ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె ముక్క కోసి పెట్టింది. ఆర్విడ్ వాతావరణం గురించి, బాతులు ఈసారి తొందరగా దక్షిణానికి వెళ్లిపోవడం గురించి, మళ్లీ వాతావరణం గురించి మాట్లాడాడు. చెయ్యి రెండుసార్లు జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

లోర్నా ఆ చెయ్యినే చూస్తోంది.

“ఆర్విడ్,” అంది చివరికి చాలా మెత్తగా, “నువ్వు ఎందుకొచ్చావో నాకు తెలుసు.”

“తెలుసా?” ప్రాణం లేచొచ్చింది ఆయనకు.

“మంచివాడివే. కాదనను. కానీ నాకు ఒంటరిగా అలవాటైపోయింది. మళ్లీ ఇంకో మగాడి సాక్సులు ఉతికే ఓపిక లేదు నాకు.”

ఆర్విడ్ నోట్లోని రొట్టె ముక్క అటూ కాక ఇటూ కాక నిలిచిపోయింది. కాదు తల్లీ, నీ ఓటు కోసం వచ్చానని చెప్పొచ్చు. కానీ పెళ్లి కాదనిపించుకుని, అదే ఊపిరిలో ఓటు కూడా కాదనిపించుకోవడానికి ధైర్యం చాలలేదు. “అర్థం చేసుకోగలను,” అని గొణిగి, ఆవిడ జాలితో చేతికిచ్చిన బీట్‌రూట్ పచ్చడి సీసా పట్టుకుని బయటపడ్డాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. కాఫీ బల్ల దగ్గర ఎవరో, “ఉంగరం జేబులోనే ఉండిపోయిందటగా!” అన్నారు. కరపత్రం అని చెబితే ఎవరు నమ్ముతారు?

ఇంటి ముందు పార్టీ బోర్డు పాతడమూ అంతే అయింది. ఎప్పుడూ ఇర్మా కర్ర పట్టుకునేది, ఆయన సుత్తి వేసేవాడు. ఈసారి నేల గడ్డకట్టి రాయిలా ఉంది. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో సుత్తి. మూడో దెబ్బ బొటనవేలి మీద పడింది. పక్క వాకిట్లోంచి డెల్మర్ చూస్తున్నాడు. చూసి చూసి కంచె దాటి వచ్చి, వంగి కర్ర పట్టుకున్నాడు.

“మీ మామగారు సమాధిలో అటూ ఇటూ దొర్లుతూంటాడురా,” అన్నాడు ఆర్విడ్.

“దొర్లనీ. కాస్త ఒళ్లు వంగుతుంది. నువ్వు కొట్టు ముందు. నా తల మీద కాదు!”

ఎన్నికల రోజు ఆర్విడ్ ఒక్కడే కర్లింగ్ హాలు మెట్లెక్కాడు. ఓటు వేసి ఏజెంటు కుర్చీలో కూర్చున్నాడు. వచ్చేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ వెతికాడు. అందరూ నీలం ముఖాలే. ఎనిమిదింటికి తలుపులు మూశారు, లెక్క వినాలనుకున్న ఊరివాళ్లు లోపలే ఉండిపోయారు. ఊరి పోస్టాఫీసు నడిపే మార్లిస్సే పోలింగ్ అధికారి. పెట్టె బోర్లించి ఒక్కొక్క కాగితం విప్పుతూ, ఇద్దరు ఏజెంట్లకూ చూపిస్తూ చదివింది. నీలం. నీలం. నీలం. పదిహేడో కాగితం నారింజ. అది తనదే, గీత వంకర చూసి గుర్తుపట్టాడు. ఇక మిగిలినవి వినాలని కూడా లేదు. బల్ల మీద చెక్క గీతల్ని చూస్తూ కూర్చున్నాడు.

“నారింజ,” అంది మార్లిస్.

ఆర్విడ్ తల ఎత్తాడు. మార్లిస్ కూడా ఒక్క క్షణం ఆగి, కాగితాన్ని ఇంకోసారి చూసి, ఆయన వైపు తిప్పింది. అవును, నారింజే. నిలువునా, బలంగా వేసిన గుర్తు.

చివర మార్లిస్ మొత్తం చదివింది. “నీలం ముప్పై ఒకటి. నారింజ రెండు. చెల్లనివి... లేవు.”

“ఆ గీత రానోడికి ఎవరో నేర్పినట్టున్నారు!” అని ఎవరో అన్నారు. అందరితో పాటు ఆర్విడ్ కూడా నవ్వాడు. అసలు ఆయనకు అదేమీ పట్టలేదు. రెండు! ఇంటికి వెళుతుంటే చలి తెలియలేదు. ఎవరో ఒకరు తన పక్కన నిలబడ్డారు. ఇర్మా చోటు ఖాళీగా ఉండనివ్వలేదు. ఆ నిలువు గుర్తు ఎవరి చేతిదో ఆలోచిస్తూ పడుకున్నాడు, తెల్లవారేసరికి తేల్చుకున్నాడు కూడా. కర్ర పట్టుకున్నవాడే.

పొద్దున్నే డెల్మర్ బోర్డు పీకడానికి సాయం వచ్చాడు. నేల ఇంకా బిగుసుకుంటే వసంతం దాకా రాదు. ఇద్దరూ చెరో వైపు పట్టి ఊపుతున్నారు.

“డెల్మర్, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు,” అన్నాడు ఆర్విడ్. “నిన్న నువ్వు చేసింది నేను మర్చిపోను. నా కోసం, ఇర్మా కోసం నీ పార్టీని కాదని...”

డెల్మర్‌కు పౌరుషం పొడుచుకొచ్చింది. “నీ కోసమా? నీ మొహం! నువ్వీ ఊరికి రాకముందు నుంచీ అదే పార్టీరా నేను! మా అమ్మ నారింజ, నేనూ నారింజ. పొలం వెబర్లది కాబట్టి నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చున్నా గానీ, పెట్టెలో ఎప్పుడు తప్పాను? ఒక్కసారి తప్పానా?”

బోర్డు ఊడి చేతికొచ్చింది. ఇద్దరూ దాన్ని పట్టుకుని నిలబడిపోయారు.

ఎప్పుడూ రెండే. ఆర్విడ్‌ది ఒకటి. డెల్మర్‌ది ఒకటి.

తాను ఏం బయటపెట్టాడో ముందు డెల్మర్ ముఖంలోనే తేలింది. నాలిక కరుచుకున్నాడు. “అంటే... ఎప్పుడూ అంటే ఎప్పుడూ అని కాదు. మధ్యలో మానేశాను. చాలా ఏళ్లు మానేశాను. ఈసారే మళ్లీ...” అబద్ధం ఆడడం బొత్తిగా చేతకాని మనిషి. టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

“అవునులే,” అన్నాడు ఆర్విడ్. “ఈసారే అయ్యుంటుంది.”

“అంతే, అంతే.”

“కాఫీకి పద, నేను వస్తాను.”

డెల్మర్ కంచె దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి చూసి వెళ్లిపోయాడు.

ఆర్విడ్ బోర్డును గ్యారేజీలో పెట్టి వంటింట్లోకి వచ్చాడు. ముందు కోపమొచ్చింది. తొమ్మిదిసార్లు! చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, తొమ్మిదిసార్లు నీలం వేసిందన్నమాట, అన్నదమ్ముల కోసం. బొటనవేలు ఇంకా సలుపుతోంది. చెయ్యి తుడుచుకుందామని సొరుగు లాగాడు.

ఫిబ్రవరికి ముందు మడతపెట్టిన తువ్వాళ్లు. ఆయన తాకకుండా ఉంచినవి. అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ చేసినట్టు.

చెల్లనివి లేవు, అని చదివింది మార్లిస్. తొమ్మిదిసార్లు ఒకటి ఉంది. ఈసారి లేదు.

ఆర్విడ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొగుడికి ఎదురుగానూ వేయలేదు, అన్నదమ్ములకు ఎదురుగానూ వేయలేదు. ఆ తెర వెనక పెన్సిలు ముట్టుకోకుండా కాసేపు నిలబడి, కాగితం శుభ్రంగా మడిచి, పెట్టెలో వేసి, బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకునేది. ఆవిడ ఆ మెట్లెక్కింది ఆయనకు తోడుగా నడవడానికే. ఆయనేమో ప్రతిసారీ ఇంటికొచ్చి, ఈ వంటింట్లోనే, ఆవిడ వీపు వెనక నిలబడి కేకేశాడు. ఒక్క గీత గీయలేని వెధవ ఎవడే, అని.

ఎవరో పాపం, అనేది.

ఆ మాట అనేటప్పుడు ఆవిడ నవ్వుకునేదా, నొచ్చుకునేదా? ఎప్పుడూ ముఖం చూడలేదు. బూట్లు విప్పుకుంటూ ఉండేవాడు.

కోఆప్‌కు చేరేసరికి కాఫీ బల్ల నిండిపోయింది. రాష్ట్రంలో ఎవరు గెలిచారో అప్పటికే అందరికీ పాతబడింది. నెల్స్ అనే ముసలాయన మాత్రం బెక్స్‌లీ లెక్క దగ్గరే ఉన్నాడు. “రెండంటే రెండే తెచ్చావు, మొనగాడివే! ఎవర్ని పట్టావురా? లోర్నానా?”

అందరూ గొల్లుమన్నారు. ఆర్విడ్ కప్పు దగ్గరికి జరుపుకున్నాడు.

“అది సరే,” అన్నాడు నెల్స్, “ఆ ఖాళీ కాగితంవాడు ఏమైనట్టు? ఇన్నేళ్లకి ఒక్క గీత గీయడం వచ్చిందంటావా?”

ఈ మాటకు ప్రతిసారీ అందరికన్నా ముందు నవ్వేది ఆర్విడ్. ఇప్పుడు కూడా అంతా ఆయన వైపే చూశారు.

“రాక కాదు,” అన్నాడు ఆర్విడ్.

ఎవరికీ అర్థం కాలేదు. నెల్స్ ఇంకేదో అడగబోయాడు. ఈలోగా డెల్మర్, తన వంతు కాకపోయినా, పాచికలు లాక్కుని గట్టిగా గిలకొట్టి బల్ల మీద పారేశాడు.