పదిహేనణాల గొలుసు

మా ముత్తాత గోవిందరావు గారు బోధన్ తాలూకాలో ఏడు ఊళ్లకు పట్వారీ. మా తాత కిషన్‌రావు గారు అందులో నాలుగు ఊళ్లు చూశారు. ఆయన గుర్రం మీద వస్తుంటే చెలకల్లో వంగినవాళ్లు లేచి నిలబడేవారట. మా నాయిన మాధవరావు గారి నాటికి ఒక్క ఊరే మిగిలింది. పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక అదీ పోయింది. నేను నిజామాబాద్‌లో లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ని. రెండు గదుల అద్దె ఇల్లు నాది. భూమి కొలవడం మా ఇంట్లో నాలుగు తరాల పని. దాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేకపోయారు.

ఊళ్లో మా పెద్ద ఇల్లు చేయి దాటినప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది తాత గారి కొలత గొలుసు ఒక్కటే. ముప్పై మూడు అడుగుల ఇనుప గొలుసు. దాన్ని పదహారు భాగాలు చేసి, భాగానికీ భాగానికీ మధ్య ఇత్తడి బిళ్ల వేలాడదీస్తారు. ఒక్కో భాగాన్ని అణా అంటారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. "కిషన్‌రావు కొలతంటే పదహారణాల కొలత" అని ఆ నాలుగు ఊళ్లలో సామెతలా చెప్పుకునేవారు. ఆ గొలుసు మా ముందు గదిలో మేకుకు వేలాడుతుంది. ప్రతి దసరాకు దానికి పసుపు, కుంకుమ పెట్టి దండం పెడతాను.

2022 డిసెంబర్‌లో మా ఊరి నుంచి ఎస్తేరమ్మ ఫోన్ చేసింది. డెబ్బై దాటిన మనిషి, భర్త లేడు, చర్చికీ చేనుకీ తప్ప గడప దాటదు. రికార్డులో ఆమెకు నాలుగెకరాల ఎనిమిది గుంటలు. నిజాంసాగర్ కాలువకు చివరి భూమి కాబట్టి యాసంగి పంటకు నీళ్లు రావు. వరి, పసుపు రెండూ హద్దు గెట్టు పక్కన భర్త వేయించిన బోరు మీదే బతుకుతున్నాయి. గెట్టుకు అవతల గంగారాం చెరుకు తోట. అది ఒకప్పుడు మా భూమి. మా నాయిన గారి దగ్గర గంగారాం తండ్రి కొన్నాడు. ఇప్పుడు గంగారాం ముళ్లకంచె వేయబోతూ హద్దు రాయి నుంచి టేపు పట్టాడు. బోరు అతని వైపు పడింది. కంచె పడితే ఆమె నీళ్లు పోతాయి.

ఎస్తేరమ్మ మామ బతికున్నంత కాలం ఒకటే మాట చెప్పేవాడట, ఆ రాయికి కాళ్లొచ్చి ఇటు నడిచిందని. ఊరంతా నవ్వేది. ఆ మాట నమ్మి ఆమె భర్త రాయికి అవతల ఉన్న పొదల్లో బోరు వేయించాడు. ఈమె ఇంకో అడుగు ముందుకేసి, రాయి జరిపింది గంగారాం ఇంటివాళ్లేనని బజారులో అనేసింది. గంగారాం రోషం గల మనిషి. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. నన్ను పిలవడానికి మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

"రాయి పాతింది మీ తాతనే గద, చిన్న పట్వారీ. మీరే వచ్చి సూడున్రి" అంది ఎస్తేరమ్మ ఫోన్‌లో. నాకు అరవై ఒకటి నిండాయి. ఆమెకు ఇంకా చిన్న పట్వారీనే.

తాత గారి గీత చెక్కు చెదరదని నాకు అనుమానమే లేదు. ఆ మాట వాళ్ల ముఖాన చెప్పి రావడానికే బయలుదేరాను.

మా పనిలో ఇప్పుడు గొలుసు లేదు, రోవర్ ఉంది. కడ్డీ చివర బోర్లించిన గిన్నెలా ఉండే యంత్రం అది. దాని జత యంత్రాన్ని స్థానం ముందే తెలిసిన చోట నిలబెడతాం, దాన్ని బేస్ అంటాం. రెండూ ఆకాశంలోని ఉపగ్రహాలను వింటాయి. తెర మీద ఫ్లోట్ అని ఉంటే కొలత ఇంకా ఊగుతోందని అర్థం. ఫిక్స్ అని వస్తే బొటనవేలి వెడల్పుకు మించి తేడా లేదని అర్థం. నా పాత యంత్రం అమెరికా, రష్యా ఉపగ్రహాలను మాత్రమే వినేది. మనిషిని మించిన చెరుకులో దానికి ఆకాశం చాలేది కాదు, ఫ్లోట్ దగ్గరే నిలిచిపోయేది. కొత్తది చైనా ఉపగ్రహాలతో పాటు యూరప్ దేశాలు కలిసి పంపిన వాటినీ వింటుంది. అవి తెర మీద ఇంగ్లీషు ఇ అక్షరంతో కనిపిస్తాయి.

ఆ ఇ అక్షరం గురించి హైదరాబాద్ శిక్షణలో ఒక పూట చెప్పారు. నేను తొందరగా ఆశ్చర్యపడే మనిషిని కాను. ఆ పూట మాత్రం రాసుకోవడం ఆపి విన్నాను. పిడికెడు నేల కోసం తరాల తరబడి ఒకరినొకరు చంపుకున్న దేశాలవి. అంతరిక్షంలో ఏం చేయాలో అందరికీ కలిపి ఒకే విధానం రాసుకోవడానికి ఏళ్లు కూర్చున్నాయి. ఎవరెంత వేయాలి, ఏ పని ఎవరికి దక్కాలి అని ప్రతిదానికీ పేచీ. నడిపించే కేంద్రం మాకంటే మాకని పట్టుబడితే, చివరకు రెండు దేశాల్లో రెండు పెట్టారు. మధ్యలో ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. అప్పుడు ప్రభుత్వాలే పూనుకొని, వ్యవసాయం పద్దులో ఖర్చు కాక మిగిలిన సొమ్మును ఇటు మళ్లించాయి. అంత పేచీ పడి ఇరవై మూడు వేల కిలోమీటర్ల ఎత్తున గడియారాలు నిలబెట్టి, వాటి సంకేతాన్ని భూమ్మీద ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. ఒక కాలువ తూము దగ్గర వంతులు కుదర్చలేక మా తాతలు తలలు పగలడం చూశారు.

చెరుకు గెట్టు మీద ఫిక్స్ కోసం నిలబడి ఉండగా ఈ సంగతే ఎస్తేరమ్మకు చెప్పాను. ఆమె కొంగు నెత్తిన వేసుకొని ఆకాశం వైపు చూసింది. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

"గన్ని దేశాలు ఒక్క కాడ గూసొని పంచాయితి తెంపుకున్నయా? పెద్దమనిషి ఎవలు?"

"పెద్దమనిషంటూ ఎవలు లేరు, ఎస్తేరమ్మా. అందరు గూసొనే తెంపుకున్నరు."

"మనం అణా పైస ఇయ్యలే గద. గాళ్లకు మన గెట్టుతోని ఏం పని?"

రైతుల పద్దులో మిగిలిందే దీనికి పెట్టారట అన్నాను. "గట్లయితే రైతులే ఇచ్చిండ్రను" అని తృప్తిగా తల ఊపింది. ఆ ఉపగ్రహాలకు పేర్లున్నాయా అని అడిగింది. ఒక్కో దేశంలో పిల్లలకు బొమ్మల పోటీ పెట్టి, గెలిచిన పిల్లల పేర్లు పెట్టారని చెప్పాను.

"పిల్లల పేర్లా? పట్వారీల పేర్లు పెట్టలేదా?" అంది. అటువైపు గట్టున నిలబడ్డ గంగారాం నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు.

తెర మీద ఇ వరుసలో రెండింటి పక్కన వేరే గుర్తు ఉంది, అన్‌హెల్తీ అని. కొన్నేళ్ల కింద ప్రయోగం గురి తప్పి తప్పుడు కక్ష్యలో పడ్డ జంట అది. అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాకపోతే తాము పంపే సంకేతంలోనే, మమ్మల్ని లెక్కలోకి తీసుకోవద్దని కూడా చెబుతాయి. యంత్రం వాటిని పక్కన పెడుతుంది. రోజూ చూసే గుర్తే కాబట్టి నేనూ దాటవేశాను.

ఫిక్స్ వచ్చింది. ఎస్తేరమ్మ చేనుకు అవతలి మూలన, మూడు ఊళ్ల హద్దులు కలిసే చోట ఒక పాత రాయి ఉంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ కదపలేదు. పాత సర్వే పటంలో ఆ రాయి నుంచి మా గెట్టు రాయికి సరిగ్గా పద్నాలుగు గొలుసులు. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువ తవ్వినప్పుడు గెట్టు రాళ్లు పీకేస్తే, తాత గారే పటం చూసి తిరిగి పాతారు. నేను కొలిచిన దూరం పద్నాలుగు గొలుసులకు దాదాపు ఇరవై తొమ్మిది అడుగులు తక్కువ వచ్చింది.

బేస్ జరిపి మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది. గెట్టుకు రెండో కొసన ఉన్న రాయి దగ్గరా అదే ఇరవై తొమ్మిది. మూడోసారి కొలిచేటప్పుడు కడ్డీ నిటారుగా ఉందో లేదో పదిసార్లు చూసుకున్నాను. యంత్రాన్ని అనుమానించాను, ఎండను అనుమానించాను, చెరుకును అనుమానించాను. తాత గారిని అనుమానించాలన్న ఆలోచన రాలేదు. లెక్క చూసుకొని వస్తానని ఇద్దరికీ చెప్పి సామాను సర్దుకున్నాను.

నిజామాబాద్ దారిలో ఎడపల్లి దాటుతుండగా బండి ఆపేశాను. ఇరవై తొమ్మిదిని పద్నాలుగుతో భాగిస్తే, గొలుసుకు రెండడుగుల మీద కొంచెం. అది గొలుసులో ఒక అణా.

ఇంటికి వెళ్లేసరికి ఇంకా పొద్దు ఉంది. గొలుసును మేకు నుంచి దించాను. గదిలో పరవడానికి చోటు చాలక వీధిలో పరిచాను. ఇరుగుపొరుగు చూస్తుండగా వంగి, భాగాలు లెక్కపెట్టాను. పదిహేను. అటు కొస నుంచి లెక్కపెట్టాను. పదిహేను. ఎనిమిదో బిళ్ల పక్కన కమ్మరి వేసిన అతుకు ఉంది. ఎప్పుడో తెగితే, తెగిన ముక్క వదిలేసి అతికించారు. ముప్పై ఏళ్లుగా ఆ అతుకు మీద కూడా కుంకుమ పెడుతున్నాను. ఒక్కసారీ లెక్కపెట్టలేదు.

తాత గారికి ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తెలియకపోతే చేతకానితనం, తెలిస్తే దొంగతనం. తగ్గిన నేల ఎస్తేరమ్మ మామది, పెరిగిన నేల మాది. ఆయన ఫోటో ముందు నిలబడి రెండు మాటలూ అనడానికి ప్రయత్నించాను. గొలుసును చుట్టి తిరిగి మేకుకు తగిలించాను.

చెరుకు అడ్డం ఉంది, ఫిక్స్ రాలేదు అని ఒక్క ముక్క రాసి ఈ పని వదిలేయవచ్చు. నన్ను ఎవరూ అడగరు. మర్నాడంతా ఆ కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. అప్పుడు ఆ జంట ఉపగ్రహాలు గుర్తొచ్చాయి. అన్ని దేశాల పరువు మోస్తూ ఎక్కిన యంత్రాలు, తమ తప్పు తామే చెప్పుకుంటూ భూమి చుట్టూ తిరుగుతున్నాయి. దాచమని వాటికి ఎవరూ నేర్పలేదు. చెప్పే ఏర్పాటు చేసి మరీ ఉంచారు. ఆ కాగితాన్ని చించేశాను.

మూడో రోజు గొలుసును సంచిలో వేసుకొని వెళ్లాను. గెట్టు మీద ఇద్దరి ముందు దాన్ని పరిచి, పక్కన ఉక్కు టేపు పరిచాను. భాగాలు వాళ్లతోనే లెక్కపెట్టించాను. నలుగురైదుగురు రైతులు పోగయ్యారు. రాళ్లు రెండూ గంగారాం వైపు ఇరవై తొమ్మిది అడుగులు జరగాలని, తప్పు మా తాత గారి గొలుసుదని చెప్పాను.

గంగారాం వంగి భాగాలు ఇంకోసారి లెక్కపెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మీ తాత లెక్క గిట్లుంటే, మీ మిషన్ లెక్క ఎట్ల నమ్మాలె, రావు సాబ్?"

రోవర్ తెర అతనికి చూపించాను. ఆ రెండింటి పక్కన ఉన్న గుర్తు చూపించి, తప్పు దారిలో ఉన్న సంగతి అవే చెప్తాయని, అందుకే మిగతావాటిని నమ్ముతామని చెప్పాను. అతను తెర చూశాడు, నేల మీది గొలుసును చూశాడు.

"మీ గొలుసు గిట్ల సెప్పలే గద" అన్నాడు.

నలభై ఏళ్లుగా ఎంతోమంది నన్ను ఎన్నో అన్నారు. ఇంత సూటిగా ఎవరూ అనలేదు. నిజమేనని ఒప్పుకున్నాను.

అతను ఒక్కటే కోరాడు. రిపోర్టులో రాయి గంగారాం ఇంటివాళ్లు జరపలేదని రాయాలి, ఆమె అందరిలో ఆ మాట వెనక్కి తీసుకోవాలి. ఎస్తేరమ్మ అక్కడికక్కడే అంది. "గంగారాం, నువ్వు జరపలే, మీ నాయిన జరపలే. నోరు జారిన." తర్వాత గొలుసు దగ్గర కూర్చొని ఆ అతుకును వేలితో తడిమింది. "మా మామ రాయికి కాళ్లొచ్చినయన్నడు. కాళ్లు రాలే. గొలుసుకే అణా పోయింది."

"తప్పయింది, అవ్వా" అన్నాను.

"మీరేం జేసిండ్రు, చిన్న పట్వారీ. గప్పుడు మీరు పుట్టనే లేదు" అని లేచి, మోటరు వేయడానికి బోరు దగ్గరికి నడిచింది.

రిపోర్టులో తాత గారి పేరు, గొలుసు సంగతి పూర్తిగా రాసి సంతకం పెట్టాను. ఆ గొలుసుతో పాతిన రాళ్లు ఇంకా ఎన్నో ఉండాలి. ఆ నాలుగు ఊళ్లలో ఎవరు అడిగినా ఉచితంగా కొలుస్తానని చెప్పించాను. ఇప్పటికి ముగ్గురే వచ్చారు. చెరుకు కొట్టాక గంగారాం తనే దగ్గరుండి రాళ్లు పీకించి, చూపిన చోట పాతించాడు. అతనికి తగ్గిన నేలకు బదులుగా, వాగు ఒడ్డున మాకు మిగిలిన పన్నెండు గుంటల చెలకను, అతను అడగకముందే అతని పేర రాసిచ్చాను.

గొలుసు ఇంకా మేకుకే ఉంది. ఈ దసరాకు కుంకుమ పెట్టే ముందు భాగాలు లెక్కపెట్టాను. అతుకు దగ్గర ఒక చీటీ కట్టాను, ఒక అణా తక్కువ అని. కొలిచేవాడి మర్యాద కొలతలో ఉండదు, కొలతలో ఎంత తేడా ఉందో చెప్పడంలో ఉంటుంది. అది నాకు నేర్పిన చదువు నేను ఎన్నడూ చూడని దేశాల నుంచి, పిల్లల పేర్లు పెట్టుకొని వచ్చింది.

మా నాయిన గారు అమ్మిన భూమి దస్తావేజు నకలు తెప్పించి చూశాను. నాలుగెకరాల ఇరవై గుంటలు అమ్మినట్టు రాసి ఉంది. అందులో పదిన్నర గుంటలు మావి కావు.