గచ్చు కింద ఉస్తాద్ పని

మా ఉస్తాద్ పోయారని మొన్న పొద్దున, పటాన్‌చెరులో పనికి దిగుతుండగా, ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఈ చుట్టుపక్కల నాతో పోల్చి చూడటానికి ఎవరూ లేరనిపించింది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

వేడినీళ్ల గొట్టాలతో నేలను వెచ్చబరిచే పనుల్లో, గొట్టాల కింద గట్టి థర్మాకోల్ పలకలు పరిచేది ఆయన. పైన గచ్చు చేసేది నేను. నా గచ్చులో ముఖం చూసుకోవచ్చు. ఆయన పని, పైన కాంక్రీటు పడగానే ఎవరికీ కనిపించదు. అయినా యజమానులు ఆయన పేరే చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది.

పలకలు పరిచాక చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని వాటి మీద నడిచేవారు. కాలికి సందు తగిలితే అక్కడే కూర్చుని, ముక్క కోసి పెట్టి, టేపు వేసేవారు. గోడ వారన కూడా సన్నటి పట్టీ నిలబెట్టేవారు. కిందికీ పక్కకీ తొవ్వ మూస్తే వేడి పైకే వస్తదని ఆయన మాట. ఇంతమాత్రానికి ఉస్తాద్ ఎందుకని నేను వెనక గొణుక్కునేవాణ్ణి.

కొండాపూర్ దగ్గర ఒక కోడిపిల్లల షెడ్డులో, సగం పలకలు నేనే వేస్తానని పట్టుబట్టాను. సరే అన్నారు. నా వైపు నడిచి చూస్తానంటే మాత్రం అక్కర్లేదని రానివ్వలేదు. గోడ పట్టీ అసలు పెట్టనే లేదు. నేల ఆరాక, గొట్టాల్లో వేడినీళ్లు పారించి పిల్లలను వదిలిన రోజు అవన్నీ కిచకిచమంటూ ఆయన వైపుకే చేరి, ఒకదానికొకటి ఒత్తుకుని కూర్చున్నాయి. నా వైపు ఒక్కటీ మిగల్లేదు. యజమాని నా మీదికి తిరిగేలోపే ఉస్తాద్ ముందుకొచ్చారు.

"పట్టీ తక్కువ తెచ్చిన పటేలా. తప్పు నాది. మల్ల ఏస్త."

నా సగం పగలగొట్టి ఇద్దరం మళ్లీ వేశాం. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మంచితనాన్ని చూసి కూడా కుళ్లుకున్నాను. తప్పు నాదని నోరు తెరిచి ఏనాడూ ఒప్పుకోలేదు.

బీరంగూడలో ఆయన ఇంటికి వెళ్లడం మొన్నే మొదటిసారి. ఖబరస్తాన్‌లో మట్టి ఇచ్చి తిరిగొచ్చాక, కొడుకును పక్కకు పిలిచి షెడ్డు సంగతంతా చెప్పేశాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బాకు ఎరికే చిచ్చా. గని మీ మీద శాన కుళ్లుకునేటోడు. వాని పని అందరు సూస్తరు, నాది మట్టి కింద పోతది అనేటోడు. ఇంట్ల గచ్చు మీతోనే ఏయించాలని ఉండె. అడగనీకి మనసొప్పలె."

తల దించుకున్నాను. కాళ్ల కింద నేల గరుకు కాంక్రీటే. గడప మాత్రం, ఎప్పటికైనా పైన గచ్చు పడుతుందని, రెండంగుళాల ఎత్తులో పెట్టి ఉంది.