అమ్మకు మాట నేర్పిన హంగరీ టీచరమ్మ

మొన్న పొద్దున హంగరీ నుంచి ఫోను వచ్చింది. టీచరమ్మ వాళ్ల చెల్లెలు. వచ్చీరాని ఇంగ్లీషులో, అక్క నిద్రలోనే పోయిందని చెప్పి ఏడ్చింది.

హైటెక్ సిటీ మొదటి భవనం లేస్తున్న రోజుల్లో ఆవిడ నానక్‌రామ్‌గూడలో మా వెనక గది కిరాయికి తీసుకున్నారు. తన దేశంలో జీవితమంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరయ్యాక తెలుగు వ్యాకరణం మీద పరిశోధనకు వచ్చారు. "మా భాషలోనూ మీలాగే 'లో', 'కి' మాట చివరే తగులుకుంటాయి" అంటూ, చుట్టం దొరికినంత సంబరపడేవారు.

పుస్తకాల తెలుగు ఆవిడకు వచ్చు. నోటి తెలుగు నేర్పింది మా అమ్మ. పొద్దున్నే కూరగాయల గంప ముందు ఇద్దరూ కూర్చునేవారు.

"బెందకాయ."

"గట్ల కాదక్కా! నాలుక జర మడువు. బెండకాయ!"

అరవై దాటిన పండితురాలు ఒకటో తరగతి పిల్లలా మళ్లీ మళ్లీ పలికేవారు. నవ్వుతారని భయపడితే ఏ భాషా రాదనేవారు.

మరుసటి చలికాలం అమ్మకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చింది గానీ మాట పోయింది. మనం చెప్పేది అర్థమయ్యేది. నోరు తెరిస్తే గాలే. మేం కళ్లు తుడుచుకోవడానికి బయటికి వెళ్లిపోయేవాళ్లం. టీచరమ్మ మాత్రం స్వదేశ ప్రయాణం మానుకుని, రోజూ గంప తెచ్చుకుని మంచం పక్కన కూర్చునేవారు. ఒక్కో కాయా చూపించి పేరు చెప్పేవారు. వారాలు గడిచినా అమ్మ పెదవి కదల్లేదు.

ఒకరోజు ఆవిడ "బెందకాయ" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఎప్పుడో దిద్దుకున్న తప్పది. మళ్లీ, ఇంకా గట్టిగా, "బెందకాయ!"

అమ్మ ముఖం చిట్లించింది. మెడ నరాలు బిగిశాయి.

"గ... గట్ల... కాదు!"

టీచరమ్మ మంచం మీదికి వంగారు. "మరెట్లక్కా? చెప్పు, ఎట్ల?"

అలా ఎందుకన్నారని తర్వాత అడిగాను. "మీ అమ్మ నా టీచరు. టీచరు ఎదుట తప్పు పలికితే ఊరుకోగలదా? నేనెప్పుడూ ఊరుకోలేకపోయాను" అన్నారు.

వేసవి దాకా కావాలనే తప్పులు పలికారు. అమ్మ కోపంగా దిద్దుతూ, దిద్దుతూ, మాటలన్నీ తిరిగి తెచ్చుకుంది. ఆవిడ పరిశోధన మాత్రం సగంలోనే ఆగిపోయింది. దాని గురించి ఒక్కసారైనా విచారించగా నేను చూడలేదు. అంత చదువుకున్న మనిషి, రోజుల తరబడి, రానట్టు నటించారు.

మొన్న ఆ కబురు అమ్మకు చెప్పాను. సాయంత్రం అడిగింది: "అక్క దేశం ఎటు దిక్కు?"

పడమర చూపించాను. కర్ర పట్టుకుని వాకిట్లోకి నడిచింది. గుట్టల వెనక ఎర్రబడుతున్న ఆకాశం వైపు తిరిగి మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. చీకటి పడినా ఆపలేదు.