పైకప్పు లేని కారులో మామయ్య మాట

కూపే, రోడ్‌స్టర్ అనే రెండు కార్లూ ఒకే కంపెనీవి. ఇంజను ఒకటే, రెండింటిలోనూ రెండే సీట్లు. కూపేకు గట్టి పైకప్పు, రోడ్‌స్టర్‌కు మడిచి వెనక్కి నెట్టేసే గుడ్డ టాపు. ఈపాటి తేడా మీద కార్ల పత్రికలు పేజీలకు పేజీలు నింపుతాయి. ‘స్వేచ్ఛ’, ‘దారితో మమేకం’ లాంటి మాటలు చదివితే మా మేనత్తకు ఒళ్లు మండుతుంది. పాత స్పోర్ట్స్ కార్లు అమ్మే షోరూములో కొనడానికి వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఓ చుట్టు తిప్పి తీసుకురావడం ఆమె ఉద్యోగం. అక్కడందరికీ ఆమె గేరక్క.

“రెండిట్లో ఏది బాగుంటుందండీ?” అని అడిగితే ఆమె జవాబు సిద్ధంగా ఉంటుంది.

“కూపే చెప్పిన మాట వింటుంది. రోడ్‌స్టర్ విన్నట్టు నటిస్తుంది.”

అందులో కొంత నిజముంది. కప్పు ఉంటే బండి ఒళ్లు బిగువుగా ఉంటుంది. మలుపులో స్టీరింగు ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. కప్పు తీసేసిన బండికి ఆ లోటు పూడ్చడానికి అడుగున ఇనుము వేస్తారు, దాంతో బరువు పెరుగుతుంది. అయినా గతుకులొస్తే అద్దం సన్నగా వణుకుతుంది. అరవైలో పోతున్నా తొంభైలో పోతున్నట్టు హడావిడి. గేరక్క ఓటు ఎప్పుడూ కూపేకే.

ఆమె మొగుడు, మా మామయ్య, కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. బస్తాల గుట్ట మీద నిలబడి ఆయన ధర పిలిస్తే రోడ్డవతల వాళ్లు కూడా బేరానికి దిగేవాళ్లు. కిందటేడు గొంతులో గడ్డకు ఆపరేషను అయింది. గడ్డతో పాటు గొంతూ చాలామటుకు పోయింది. మిగిలింది బొంగురు. “వాడుతూ ఉంటేనే మెరుగవుతుంది. వాడకపోతే ఉన్నదీ పోతుంది,” అన్నాడు డాక్టరు. కానీ మందుల షాపుకెళ్లి ఏదడిగినా, “ఆఁ? ఏంటీ?” అన్నారు. మళ్లీ అడిగితే మళ్లీ “ఆఁ?” అన్నారు. మామయ్య వెనక్కి వచ్చి నోరు మూసుకున్నాడు. అప్పట్నుంచీ అంతా చేతి సైగలే.

“మౌనం కూడా తపస్సేలే,” అని గేరక్కను ఆడపడుచు ఓదార్చబోయింది.

“తపస్సులో ఉన్నాయన టీలో చక్కెర తక్కువైందని గ్లాసు నెట్టేస్తాడా వదినా?” అంది గేరక్క.

ఆమెకు కావలసింది ఒక్కటే: ఉన్న గొంతు కూడా పోకముందే ఆయన మళ్లీ మాట్లాడాలి. నిశ్శబ్దంగా ఉండే చోటు దొరికితే బొంగురు కూడా వినపడుతుందని ఆమె లెక్క. షోరూము ఓనరు ఆ వారం, “అక్కా, కదలకపోతే మన కూపే, రోడ్‌స్టర్ రెండిటి బ్యాటరీలూ పడిపోతాయి. సెలవు రోజున కాస్త తిప్పవా?” అన్నాడు. మామయ్యను వెంటబెట్టుకుని వెళ్లి ముందు కూపే తీసింది.

అద్దాలెక్కించగానే ఊరంతా బయట ఉండిపోయింది. గేరు మార్చిన చిన్న టక్కు కూడా వినపడుతోంది.

“ఏమండీ, ఇక్కడ మనిద్దరమే. ఏదో ఒకటి అనండి.”

మామయ్య నోరు తెరిచాడు. గొంతులో గీరుకున్నట్టు ఓ చప్పుడు వచ్చింది. ఆ పెట్టెలో అది పోవడానికి దారి లేదు. తన చప్పుడు తనకే అంత స్పష్టంగా వినిపించేసరికి ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. తిరిగొచ్చేదాకా ఇటు చూడలేదు.

గేరక్కకు ఏడుపొచ్చింది. కానీ ఇంకో బ్యాటరీ ఉంది.

“దిగండి, ఆ బండి కూడా తిప్పాలి.”

ఇంటికి పోదామని సైగ చేశాడు.

“ఇల్లెక్కడికీ పోదు. ఎక్కండి.”

రోడ్‌స్టర్ టాపు మడిచి ఊరి బయటి రోడ్డెక్కారు. చెవుల్లో గాలి హోరు. ఆయన ఏదో అన్నట్టు పెదాలు కదిలాయి.

“ఆఁ?” అంది గేరక్క. అని, నాలుక కరుచుకుంది. ఇంట్లో ఎవరూ అనకూడదని తనే కట్టడి చేసిన మాట అది.

మామయ్య నొచ్చుకోలేదు. ఆమె అన్నదీ ఆయనకు వినపడలేదు మరి. ఇక్కడ తప్పంతా గాలిది. మీదకు వంగి మళ్లీ చెప్పాడు. తర్వాత అరిచాడు. మెడ నరాలు పొంగాయి, బస్తాల మీద నిలబడ్డప్పటిలా చెయ్యి పైకి లేచింది. గేరక్కకు ఒక్క ముక్క కూడా వినపడలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా తల మాత్రం ఊపుతూ పోయింది.

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. బండి ఆగింది, గాలీ ఆగింది. మామయ్య ఆగలేదు.

“...ఇందాకట్నుంచీ చెప్తూనే ఉన్నా! మలుపులో మూడో గేరేంటి? రెండు వెయ్యి! కొనేవాళ్ల ముందు కూడా ఇలాగే తోలుతావా?”

చిరిగిన గుడ్డలాంటి గొంతు. మాటలు మాత్రం ఒక్కోటీ విడివిడిగా ఉన్నాయి. ఆయనకు సైకిలు తప్ప ఏదీ తొక్కడం రాదు, తోలడం రాదు.

పక్కన స్కూటరు మీదున్నాయన తిరిగి చూశాడు. ఆ చూపు మామయ్యకు తగిలింది. గేరక్క స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు మూసుకుంటే ఈ నోరు మళ్లీ తెరుచుకోదు.

“ఏంటయ్యా చూస్తున్నావ్? కొంటావా?” అన్నాడు మామయ్య.

“ఆఁ?” అన్నాడు స్కూటరాయన.

“కొంటావా అంటున్నా!”

పచ్చ లైటు పడింది. తర్వాతి మలుపులో గేరక్క రెండో గేరే వేసింది. అక్కడ అది తప్పు గేరు. ఇంజను ఒకటే గోల పెట్టింది. ఆ గోల మీదుగా ఆయన ఇంకేదో అరుస్తున్నాడు.